అక్క ఓటు ఒకరికి, నా ఓటు ఒకరికి

మేడమ్ గారికి,

నా వయసు 34. తెనాలిలో అమ్మతో ఉంటాను. బట్టల షాపులో లెక్కలు రాస్తాను. మా అక్క నాకంటే ఏడేళ్ళు పెద్దది. ఖమ్మంలో అక్కా బావా కర్రీ పాయింట్ నడుపుతారు. మేమిద్దరం బిగ్‌బాస్ అభిమానులం. 2017లో ఎన్టీఆర్ హోస్టుగా మొదటి సీజన్ వచ్చినప్పటి నుంచీ ఒక్కటీ వదల్లేదు. ఈ మాట పైకి చెబితే జనం అదోలా చూస్తారని ఎవరికీ చెప్పను. మీకు చెప్పక తప్పడం లేదు.

నాన్న పోయినప్పుడు అక్కకు పందొమ్మిదేళ్ళు. డిగ్రీ మానేసి ఇల్లు మీదేసుకుంది. నన్ను చదివించింది, పెళ్ళి కూడా తనే నిలబడి చేసింది. ఆ పెళ్ళి నిలవలేదు. హైదరాబాద్ నుంచి నన్ను తీసుకురావడానికి వచ్చిందీ అక్కే. ఆ తర్వాత చాలా నెలలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఫోన్లో ఎవరైనా ‘ఎలా ఉన్నావే’ అంటే ఏడుపొచ్చి పెట్టేసేదాన్ని. అక్క ఆ ప్రశ్న అడగడం మానేసింది. షో మొదలయ్యే వేళకు ఫోన్ చేసి, ‘టీవీ పెట్టావా? ఇవాళ నామినేషన్లు’ అనేది. అంతే. తనక్కడ, నేనిక్కడ, స్పీకర్ పెట్టుకుని చూసేవాళ్ళం. ప్రకటనలు వస్తే టీవీ సౌండ్ తగ్గించి మిగతా సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళం. ఆ సీజన్ సన్నీ గెలిచాడు. నా నోటికి మాట మళ్ళీ వచ్చింది ఆ వంద రోజుల్లోనే.

పోయిన సీజన్‌లో మాత్రం మా ఓట్లు కలవలేదు. నాకు నచ్చిన అమ్మాయి నెమ్మదస్తురాలు. నామినేషన్లలో ఎవరేమన్నా ఎదురు చెప్పేది కాదు, తర్వాత ఒక్కతీ కూర్చుని ఏడ్చేది. అక్కకు నచ్చినావిడది పెద్ద గొంతు. కిచెన్ అంతా తన పెత్తనమే. రేషన్ చాలకపోయినా సర్ది అందరికీ వండిపెట్టేది, తిన్న ప్లేటు కడగని వాళ్ళని నిలబెట్టి అడిగేది. పేర్లు రాయడం లేదు. వాళ్ళకీ కుటుంబాలుంటాయి కదా.

ఒకరోజు నా అమ్మాయిని ఇంట్లో సగం మంది నామినేట్ చేశారు. బాత్రూమ్ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. అక్క అంది, ‘ఏడిస్తే ఓట్లు పడతాయని తెలుసు దానికి. జాలి మీద బతకడం అలవాటైనవాళ్ళు ఇంతే’ అని. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. నేనూ ఊరుకోలేదు. ‘వండిపెట్టి, పెట్టిన ప్రతి ముద్దకీ లెక్క చెప్పేవాళ్ళకంటే నయంలే’ అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మళ్ళీ చేసింది. కానీ ప్రకటనలప్పుడు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ వారమే మా అభిమానుల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అక్క కంటెస్టెంట్ అరిచిన అరుపులన్నీ ఒకచోట చేర్చి, వెనక పాట పెట్టి చేశారు. నేను దాన్ని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పిన్నులు, బాబాయిలు, బావ తరఫు వాళ్ళు అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ రాత్రి నుంచి అక్క ఫోన్ లేదు. చివరికి వాళ్ళిద్దరిలో ఎవరికీ కప్పు రాలేదు. సీజన్ అయిపోయి నెలలవుతోంది.

బావ ఫోన్ చేసి, ‘అదంతా స్క్రిప్టమ్మా, దానికోసం అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోకపోవడమేంటి’ అన్నాడు. అమ్మయితే కేబుల్ కనెక్షన్ తీయించేస్తానంటోంది. నేను ఈ షో చూడటం మానేయాలా? అక్కతో మళ్ళీ ఎలా కలవాలి? ఆ అమ్మాయి ఏడుపు నాటకం కాదని అక్క ఒక్కసారి ఒప్పుకుంటే నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

– ఒక చెల్లెలు, తెనాలి

తెనాలి చెల్లెలికి,

చూడటం మానేయొద్దు. అమ్మగారికి కూడా నా మాటగా చెప్పండి, కనెక్షన్ ఉండనివ్వమని. ప్రకటనలప్పుడు సౌండ్ తగ్గించి మాట్లాడుకునేవాళ్ళమని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు అది. ఎలా ఉన్నావంటే జవాబు చెప్పలేని మనిషిని మాట్లాడించడానికి మీ అక్క దారి వెతికింది. ఎవరు నామినేట్ అయ్యారో, కెప్టెన్సీ టాస్కులో తీర్పు చెప్పే సంచాలక్ ఎవరికి అన్యాయం చేశారో మాట్లాడిస్తూ మాట్లాడిస్తూ మిమ్మల్ని మీ దగ్గరికే తెచ్చింది. ఇంత మంచి పనికి ఒక టీవీ షో పనికొచ్చిందంటే దాన్ని చూసినందుకు మీరు ఎవరి దగ్గరా జంకక్కర్లేదు. నేనూ చూస్తాను. పొట్లాడుకున్నవాళ్ళు మర్నాడు పొద్దున ఒకే గిన్నెలోంచి వడ్డించుకోవాల్సి రావడం, ఆ ఇబ్బందిని ఎవరెలా దాటతారన్నది నన్ను ప్రతి సీజన్‌లోనూ కూర్చోబెడుతుంది.

బావగారన్న స్క్రిప్టు మాటను కొంచెం సరిచేయాలి. అక్కడ డైలాగులు రాసిచ్చే అవసరం పెద్దగా ఉండదు. 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్‌గా పుట్టినప్పుడే ఆ అవసరం రాకుండా ఆలోచించి ఈ ఆటకు నియమాలు పెట్టారు. బయటి ప్రపంచంతో సంబంధం ఉండదు, ఫోను ఉండదు. మన షోలో తిండి లెక్కగా వస్తుంది. ఫలానా మనిషి ఈ ఇంట్లో ఉండకూడదని, ఎందుకుండకూడదో అతని ముఖం మీదే చెప్పాలి. అలాంటి చోట ఎవరికైనా గొంతు లేస్తుంది, ఎవరికైనా కన్నీళ్ళొస్తాయి. ఆ తర్వాత ఎడిటింగ్. ఇంట్లో పదహారు మంది ఉన్నారనుకుంటే ఒక్కొక్కరి 24 గంటలూ కలిపి రోజుకు 384 గంటల జీవితం. రాత్రి మనకు చేరేది ప్రకటనలతో కలిపి సుమారు గంట. 2022లో నాన్‌స్టాప్ పేరుతో ఓటీటీలో 24 గంటలూ చూపించినప్పుడు కూడా ఏ సమయంలో ఏ కెమెరా చూపాలో ఎంచింది షో తీసేవాళ్ళే.

అందుకే మీ చివరి కోరిక తీరేది కాదంటున్నాను. ఆ అమ్మాయి ఏడుపు నిజమని నాకూ అనిపిస్తోంది. రెండో ఆవిడ కోపమూ నిజమే అయ్యుండాలి. కానీ ఏడవక ముందు, అరవక ముందు ఏం జరిగిందో మీకూ తెలియదు, అక్కకూ తెలియదు. ఆ గంటను బట్టి మనిషిని తేల్చలేం. 2019లో మూడో సీజన్ గెలిచిన రాహుల్ సిప్లిగంజ్ గురించి ఆ రోజుల్లో ఇళ్ళలో ఎంత వాదన! 2023 మార్చిలో అతను కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడుతుంటే, ఆ ఇంట్లో మనం చూసింది ఈ మనిషిలో ఎంత చిన్న ముక్కో అనిపించింది నాకు. కాబట్టి ఆ ఏడుపు మీద అక్క చేత ఒప్పుకోలు సంతకం పెట్టించాలనే ఆలోచన వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అక్క గురించి రాసిన మాటలూ, అక్కకు నచ్చినావిడ గురించి రాసిన మాటలూ పక్కపక్కన పెట్టి చదవండి. పందొమ్మిదేళ్ళకు ఇల్లు మీదేసుకున్న మనిషి. చాలని రేషన్‌తో అందరికీ సర్దిపెట్టే మనిషి. రోజూ ఊరికి కూరలు వండి బతికే మనిషి. కిచెన్ వదలని మనిషి. మీ అక్కకు ఆవిడ ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? అలాంటి ఆడమనిషికి లక్షల మంది ఓటేస్తారేమో చూద్దామని ఆశపడి ఉంటుంది. ఆమెను మీరు ‘పెట్టిన ముద్దకు లెక్క చెప్పే మనిషి’ అన్నారు. మిమ్మల్ని పెంచి పెద్దచేసిన మనిషి ఆ మాటను ఎలా విని ఉంటుందో ఆలోచించండి. జాలి మీద బతకడం అన్న మాట మీకు ఎక్కడ తగిలిందో, ఈ మాట ఆమెకూ సరిగ్గా అక్కడే తగిలింది. మీ దెబ్బ గురించి ఒళ్ళు చల్లబడిందని రాశారు. ఆమె దెబ్బ గురించి ‘ఫోన్ పెట్టేసింది’ అని మాత్రమే రాశారు. పెట్టేశాక అటువైపు ఆమె ఏం చేసిందో మీకు తెలియదు. ఎదురు చెప్పకుండా పక్కకెళ్ళి ఏడ్చేవాళ్ళ మనసు మీకు బాగా తెలుసు. గొంతున్నవాళ్ళు కూడా అలా ఏడుస్తారని ఎందుకో అనుకోం.

ఇందులో నాకు ఇంకో బాధ ఉంది. 2017 నుంచి 2024 దాకా టీవీలో వచ్చిన ఎనిమిది సీజన్లూ గెలిచింది మగవాళ్ళే. శివబాలాజీ నుంచి నిఖిల్ దాకా చూసుకోండి. గీతామాధురి, శ్రీముఖి రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయారు. 2022లో ఓటీటీ సీజన్‌లో బిందుమాధవి గెలిచింది, అంతే. దీనికి కారణం మన మాటలొక్కటే అనను. కానీ ఓట్లేసే మన నోళ్ళలో ఏ మాటలు తిరుగుతున్నాయో గమనించండి. మగవాడు గొంతెత్తితే గేమ్ ఆడుతున్నాడంటాం, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మనసున్నవాడంటాం. ఆడది ఏడిస్తే సింపతీ, అరిస్తే పెత్తనం. భర్త దగ్గర్నుంచి వచ్చేసిన మీ గురించి ఊళ్ళో మొదటి మాట అనేవాళ్ళుంటారు. ఇల్లు నడిపిన అక్క గురించి రెండో మాట ఎన్నోసార్లు అని ఉంటారు. ఆ రెండు మాటలనే తెచ్చి మీరిద్దరూ ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. నాకు కోపం మీ మీద కాదు, ఆ మాటలు మనకు అంత తేలిగ్గా అందుబాటులో ఉన్నందుకు.

వీడియో సంగతి మాత్రం వేరు. ఫోన్లో అన్న మాట ఇద్దరి మధ్య ఉంటుంది. బావ తరఫు వాళ్ళున్న గ్రూపులో పెట్టింది పదిమందిలో పరువు తీయడమే. పాట పెట్టి ఆ అరుపులు చూపిస్తే నవ్వినవాళ్ళలో కొందరికైనా మీ అక్కే గుర్తొచ్చి ఉంటుంది, అది ఆమెకూ తెలిసి ఉంటుంది. ఆ వీడియో వచ్చిన అభిమానుల గ్రూపుల సంగతీ చెప్పాలి. 2018లో రెండో సీజన్‌లో కంటెస్టెంట్ కౌశల్ కోసం అభిమానుల ‘కౌశల్ ఆర్మీ’ వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కంటెస్టెంట్‌కూ ఒక సైన్యం తయారవుతోంది. అభిమానం మంచిదే. ఒంటరిగా పడిపోయిన మనిషికి బయట ఇంతమంది అండగా ఉన్నారంటే నాకూ ఆనందమే. అయితే సైన్యం అనుకున్నాక శత్రువు కావలసి వస్తోంది. 2023 డిసెంబరు 17 రాత్రి, ఏడో సీజన్ ఫైనల్ ముగిశాక, అన్నపూర్ణ స్టూడియో బయట రన్నరప్ కారు మీద దాడి జరిగింది, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. అభిమానుల మీదా, చివరికి విజేత మీదా పోలీసు కేసులు పడ్డాయి. మీ గ్రూపులో అవతలి కంటెస్టెంట్ తల్లినో పిల్లల్నో తిట్టే పోస్టులు వస్తుంటే ఆ గ్రూపులోంచి బయటికి రండి. నచ్చినవాళ్ళకు ఓటెయ్యడానికి ఆ గ్రూపు అక్కర్లేదు.

ఇక అక్క దగ్గరికి వెళ్ళే దారి. ఆ వీడియోను ఇన్ని నెలల తర్వాత అందరికీ కనబడకుండా తీసేయడం కుదరదు. అందుకని అదే గ్రూపులో, అందరూ చూసేలా రాయండి: ‘ఆరోజు నేను పెట్టిన వీడియో పెట్టాల్సింది కాదు. అక్క మనసు కష్టపెట్టాను.’ కారణాలు రాయొద్దు, నవ్వే బొమ్మలు వద్దు. ఎవరేమన్నా జవాబివ్వొద్దు.

ఆ తర్వాత ఖమ్మం వెళ్ళండి. ఫోన్లో ఈ మాట తెగదు. మధ్యాహ్నం భోజనాల రద్దీలో వెళ్ళొద్దు, గిరాకీ తగ్గాక వెళ్ళండి. కంటెస్టెంట్ల పేర్లెత్తొద్దు. ‘జాలి మీద బతకడం అన్నావే, అది నన్నే అన్నావనిపించింది’ అని చెప్పండి. ఆమె కాదంటుంది, లేదా అవునంటుంది. కాదంటే నమ్మండి. హైదరాబాద్ దాకా వచ్చి మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న మనిషి మీ మీద జాలితోనే ఆ పని చేసిందని నేను నమ్మను. అవునంటే, ఎందుకంతగా విసిగిందో వినండి. ఇన్నేళ్ళు ఒక్కతే మోసిన మనిషికి ఎక్కడో అలసట ఉంటుంది, దాన్ని అడిగినవాళ్ళు లేరేమో. మీ వంతుగా ముద్ద లెక్క మాట వెనక్కి తీసుకోండి. ఆమె చేత క్షమాపణ చెప్పించుకోవాలని మాత్రం వెళ్ళొద్దు, మీకు దక్కాల్సింది అదే అనిపించినా సరే. తను చెబుతుందేమో, ఆలస్యంగా చెబుతుందేమో, ఏమీ చెప్పకుండా అన్నం పెడుతుందేమో. పెడితే తినండి.

కొత్త సీజన్ మొదలయ్యాక మీ ఇద్దరికీ మళ్ళీ వేర్వేరు మనుషులే నచ్చొచ్చు. నచ్చనివ్వండి, వాదించుకోండి కూడా. ఈసారి ఫోన్ మీరు చేయండి. గ్రూపులో ఆ రెండు వాక్యాలు మాత్రం రేపటిదాకా ఆగకుండా ఈ రోజే రాయండి.