కొత్త పొట్టతో తొలి ఏడాది

చి.ల.సౌ. అమ్మడికి,



నిన్న ఫోన్లో "అత్తా, మంచినీళ్లు కూడా దిగట్లేదు, ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది" అన్నావు. నేను కంగారు పడలేదు. ఆపరేషన్ అయిన మొదటి వారంలో ఆ మాట అనని పేషెంటు నాకు సర్జికల్ వార్డులో పెద్దగా తగల్లేదు. ఫోన్లో చెబితే సగం నువ్వు వింటావు, సగం మీ ఆయన వింటాడు, చివరికి ఇద్దరికీ ఏదీ గుర్తుండదు. అందుకే కాయితం మీద పెడుతున్నాను. ఆయనకీ చదివి వినిపించు. మా అమ్మకి మాత్రం చదవక్కర్లేదు, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

నీకు చేసింది బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్. పొట్టలో ముప్పాతిక భాగం పైగా కోసి బయటికి తీసేశారు. మిగిలింది సన్నటి నిలువు గొట్టం, అందులో పట్టేది నూరో నూటయాభయ్యో మిల్లీలీటర్లు. దాని పొడుగునా స్టేప్లర్ పిన్నుల వరస ఉంది. ఆ వరస ఇంకా వాచి ఉంటుంది కాబట్టి నీళ్లు కూడా బరువుగా దిగుతాయి, ఛాతీ దగ్గర పట్టేసినట్టు ఉంటుంది. వాపు తీసేకొద్దీ అదే సర్దుకుంటుంది. అందాకా గ్లాసు ఎత్తి తాగడం మర్చిపో. దగ్గు మందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ మూత ఉంటుందే, దానికి గీతలుంటాయి. ముప్పై మిల్లీలీటర్ల గీత దాకా పోసుకుని, పావుగంట పాటు కొంచెం కొంచెంగా చప్పరిస్తూ తాగు. మళ్లీ పోసుకో. రోజు మొత్తానికి లీటరున్నర దాటించాలి. మెలకువగా ఉన్నంతసేపూ ఇదే నీ ఉద్యోగం. ఆపరేషన్ అయినవాళ్లు ఇంటికెళ్లాక మళ్లీ ఆస్పత్రికి వచ్చే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ముందు వరసలో ఉంటుంది. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే తాగింది చాలలేదని అర్థం.

భుజం నొప్పి అన్నావు. లాప్రోస్కోపీలో పొట్టని గ్యాస్‌తో ఉబ్బించి చేస్తారు. అందులో కొంత మిగిలిపోయి పైకి ఎగదన్ని భుజంలో నొప్పి తెప్పిస్తుంది. దానికి మందు నడకే. గంటకోసారి లేచి హాలు నుంచి వంటింటికీ, వంటింటి నుంచి బాల్కనీకీ తిరుగు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికీ ఆ నడకే కావాలి. బొడ్డు దగ్గర పొడుచుకునే ఇంజక్షన్లు రాసిచ్చి ఉంటే ఒక్కటీ మానకు. మూడు బంతుల ఊపిరి డబ్బా ఇచ్చారు కదా, అది అలమరలో పెట్టుకోవడానికి కాదు.

ఇక్కడ మీ ఆయన చెవి ఒగ్గి వినాలి. గ్యాస్ నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది. లోపలి పిన్నుల వరస దగ్గర కారితే వచ్చే నొప్పి గంటగంటకీ పెరుగుతుంది. దానికంటే ముందే నాడి పరుగెత్తుతుంది. కరోనా నాటి పల్స్ ఆక్సీమీటర్ మీ ఇంట్లో ఏదో డ్రాయర్లో పడి ఉంటుంది, తీసి సెల్లు మార్చండి. అందరూ అందులో ఆక్సిజన్ అంకెనే చూస్తారు, మీరు రెండో అంకె చూడాలి. పొద్దునా సాయంత్రం కూచుని ఉన్నప్పుడు నాడి ఎంతుందో క్యాలెండర్ మీద రాయమను. పడుకుని విశ్రాంతిగా ఉన్నా నాడి 120 దాటి తగ్గకపోతేనో, జ్వరం వస్తేనో, ఆయాసం వస్తేనో, కడుపు నొప్పి ఎక్కువవుతుంటేనో, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితేనో తెల్లారేదాకా ఆగొద్దు, పక్కింటి డాక్టర్ని అడగొద్దు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే పోండి. ఈ కారడమనేది చాలా తక్కువ మందికి వస్తుంది. వస్తే మాత్రం డిశ్చార్జ్ అయ్యాక కూడా, రెండు మూడు వారాల్లోపు ఎప్పుడైనా రావచ్చు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక తిండి. మీ డైటీషియన్ ఇచ్చిన చార్టుదే చివరి మాట. సుమారుగా మొదటి రెండు వారాలూ నీళ్ల పదార్థాలు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, నెల దాటాక మెత్తగా ఉడికినవి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మామూలు తిండి. మన ఇళ్లలో దీనికి ప్రత్యేకంగా కొనాల్సిందేం లేదు. పలచటి మజ్జిగ, పెసరపప్పు కట్టు, కారం లేని చారు తేట, వడగట్టిన చికెన్ సూప్, కొబ్బరినీళ్లు చాలు. పాలు కొంతమందికి కొన్నాళ్లు పడవు, కడుపు ఉబ్బరిస్తే మానేసి మజ్జిగకి మారు. సోడా, కూల్‌డ్రింకు జోలికి పోకు. వైద్యులు నీకు చెప్పే లెక్క ప్రోటీన్, రోజుకి 60 నుంచి 80 గ్రాములు. ఆ లెక్కకి మన టిఫిన్లు చాలవు. ఒక ఇడ్లీలో ఉండేది రెండు గ్రాములు, ఒక కోడిగుడ్డులో ఆరు. అందుకని మొదటి నెలల్లో ప్రోటీన్ పొడి తప్పదు. దాని రుచి నాకూ నచ్చదు, ముక్కు మూసుకుని తాగు. మెత్తటి తిండి మొదలయ్యాక గిన్నెలో ఉన్నవాటిలో గుడ్డో చేపో పనీరో పెరుగో ముందు తిను, తర్వాత కూర, చోటు మిగిలితేనే అన్నం.

అన్నం దగ్గరే మా అమ్మతో తగాదా వస్తుంది. "నెయ్యేసి నాలుగు ముద్దలు పెడితే బలం వస్తుంది, పిల్ల కడుపు మాడ్చుకుంటోంది" అంటుంది. నిజానికి కొత్తల్లో అన్నం, చపాతీ, దోసె, పీచున్న మాంసం సరిగ్గా నమలకపోతే ఆ గొట్టంలో అడ్డం పడతాయి. అప్పుడు ఛాతీలో పట్టేసి, నోట్లో నురగలాగ లాలాజలం ఊరుతుంది, చివరికి వాంతి. తిన్నది పాడై కాదు, తొందరపడి మింగి. అర ఇడ్లీకి ఇరవై నిమిషాలు పట్టనీ. ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టు, మెత్తగా నలిగాకే మింగు, తర్వాతే మళ్లీ చెంచా తీయి. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగు. నిండిందని తెలిసే గుర్తు పాత పొట్టది వేరు, దీనిది వేరు. ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుస్తుంది: ఎక్కిళ్లు, ముక్కు కారడం, పక్కటెముకల మధ్య బిగుతు. నీ గుర్తు ఏదో కనిపెట్టుకో. అది కనపడ్డాక ఇంకొక్క చెంచా కూడా వద్దు, నానమ్మ చేత్తో కలిపిందైనా సరే.

వాంతులు ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే అశ్రద్ధ చేయొద్దు. బి1 అనే విటమిన్ ఒంట్లో కొద్ది వారాలకి సరిపడానే నిలవుంటుంది. అది అడుగంటితే చూపు రెండుగా కనపడటం, నడక తూలడం మొదలవుతాయి. అలాంటప్పుడు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించబోతే ముందు బి1 ఇమ్మని అడుగు. ఏ చిన్న ఊరి ఆస్పత్రికి వెళ్లినా నాకీ ఆపరేషన్ అయిందని మొదటి మాటగా చెప్పాలి.

షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ పాత మోతాదులో వేసుకుంటూ పోకు. తిండి తగ్గిన ఒంటికి అవి ఎక్కువైపోతాయి. లేవగానే కళ్లు తిరిగితే, చెమటలు పడితే షుగరూ బీపీ చూసుకుని డాక్టరుకి ఫోన్ చెయ్యి. నొప్పికి పారాసిటమాల్ చాలు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు, పొట్టలో పుండ్లు చేస్తాయి. గుండెల్లో మంట స్లీవ్ అయినవాళ్లకి మామూలే. పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ తినకు, ఇచ్చిన గ్యాస్ మాత్ర మానకు.

రెండు మూడు వారాలు గడిచాక నువ్వు ఏడుస్తూ మళ్లీ ఫోన్ చేస్తావు, నాకు తెలుసు. మొదట్లో జారిపోయిన బరువు ఒక్కసారిగా ఆగిపోతుంది. వారం పది రోజులు మిషన్ ముల్లు కదలదు. మొదట పోయిందాంట్లో చాలా భాగం నీరే. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న చక్కెరతో పాటు పోయిన నీరది. ఒళ్లు మళ్లీ సర్దుకుంటోంది, అంతే. మిషన్ తీసుకెళ్లి మంచం కింద తోసెయ్, వారానికోసారి చూసుకుంటే చాలు.

మూడో నెలకో నాలుగో నెలకో జుట్టు రాలుతుంది. దువ్వెన నిండా వస్తుంది, బాత్‌రూమ్ జాలీ మూసుకుపోతుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతికి పోయి, కొన్ని నెలలకి రాలతాయి. కుదుళ్లు ఎక్కడికీ పోవు. తిరుపతిలో తలనీలాలు ఇచ్చినవాళ్లకి మళ్లీ రావట్లేదా? టీవీలో చూపించే నూనెలకి డబ్బులు తగలేయకుండా ప్రోటీనూ ఐరనూ చూసుకో. ఏడాది తిరిగేసరికి మళ్లీ ఒత్తుగా వస్తుంది.

పొట్ట తగ్గింది గనక విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఇది అందరూ తలూపి, బాగున్నామనిపించగానే మానేసే మాట. బి12 లోటు బి1 లాగా వెంటనే పట్టుబడదు. కాలేయంలో ఏళ్లకి సరిపడా నిలవుంటుంది కాబట్టి మూడో ఏడో నాలుగో ఏడో అరికాళ్లలో తిమ్మిర్లుగా బయటపడుతుంది. క్యాల్షియం, ఐరన్ కలిపి మింగకు, రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర టీతో అసలే వద్దు. పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు వాడమని ఏదైనా మాత్ర రాసి ఉంటే అదీ పూర్తి చెయ్యి. బరువు వేగంగా తగ్గేటప్పుడు రాళ్లు పడతాయి.

మీ అత్తగారు వినేలా చెప్పాల్సిన మాట ఒకటుంది. పీసీఓడీ ఉన్నదానివి కదా, బరువు తగ్గేకొద్దీ నెలసరి దారిలో పడుతుంది, ఇన్నాళ్లూ రాని గర్భం ఇట్టే వచ్చేయొచ్చు. సంతోషమే, కానీ ఇప్పుడు కాదు. పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆగాలి. నీకే చాలని పోషకాలు బిడ్డకి ఎక్కడినుంచి ఇస్తావు? ఏ పద్ధతి వాడాలో గైనకాలజిస్టుని ఈ నెలలోనే అడుగు. "డాక్టరు చెప్పింది" అనే మాటకి మన ఇళ్లలో ఉన్న బలం ఇంకే మాటకీ లేదు, వాడుకో.

ఒంటి సంగతి ఇది. మనసు సంగతి ఎవరూ చార్టులో రాయరు. సాయంత్రం నాలుగింటికి కింద బండి మీద మిరపకాయ బజ్జీల వాసన వస్తుంది. కడుపులో ఆకలి ఉండదు, అయినా ఏడుపొస్తుంది. చిన్నప్పటినుంచీ కోపమొచ్చినా, పరీక్ష తప్పినా, పండగొచ్చినా తిండితోనే గడిపినవాళ్లం. అది ఒక్కసారి లేకుండా పోతే దిగులు పట్టడం సహజం. వారాల తరబడి తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకు. నీతో పాటు తినే ఆయనకీ కొత్తగానే ఉంటుంది. హోటల్‌కి వెళ్లడం మానొద్దు, ఆయన తెప్పించుకున్న దాంట్లోంచే రెండు చెంచాలు నీ గిన్నెలో వేసుకో.

చుట్టాలు రెండు రకాలుగా వస్తారు. "తిన్నావా? ఏం తిన్నావు? అంతేనా?" అనేవాళ్లు ఒకరు. "కోయించుకుని తగ్గడం ఏం గొప్ప, నడిస్తే తగ్గేది కాదా" అనేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లది ప్రేమ, భరించు. రెండోవాళ్లకి జవాబు చెప్పే బాధ్యత నీకు లేదు. నాకు మాత్రం మండుతుంది గనక చెబుతాను: స్వీడన్‌లో 1987 నుంచి నాలుగు వేల మంది ఊబకాయుల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో సగం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, సగం మంది మామూలు వైద్యం మీద ఉన్నవాళ్లు. మామూలు వైద్యం మీద ఉన్నవాళ్ల బరువు పదిహేనేళ్లకీ దాదాపు ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు తక్కువ. నడిచి తగ్గనివాళ్లు బద్ధకస్తులని ఆ లెక్కలు చూశాక ఎవరూ అనలేరు.

అదే స్వీడన్ లెక్కల్లో ఇంకో సంగతి ఉంది, ఇది నీ కోసం. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్లకి 25 శాతం దగ్గర నిలిచారు. అంటే కొంత తిరిగొచ్చింది. నీది స్లీవ్, అంకెలు వేరుగా ఉండొచ్చు, దారి మాత్రం అదే. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగాన్ని పొట్టతో పాటు తీసేశారు కాబట్టి ఇప్పుడు నీకు ఆకలి తెలియట్లేదు. ఈ ఏడాది, ఏడాదిన్నర నీకు దొరికిన గడువు. తర్వాత ఆకలి కొంత తిరిగొస్తుంది, పొట్టలోనూ కొంచెం చోటు పెరుగుతుంది. బరువు మళ్లీ పెరిగినవాళ్లెవరూ అన్నం పళ్లేలు ఖాళీ చేసి పెరగలేదు, నేను చూశాను. చికెన్ అయితే నాలుగు ముక్కలకే ఆపుతుంది. జంతికలు, మిక్చరు, టీలో ముంచిన బిస్కట్టు, ఐస్‌క్రీము ఎక్కడా అడ్డం పడకుండా జారిపోతాయి, గంటసేపు నములుతూ కూచోవచ్చు. మీ ఇంట్లో ఆ డబ్బాలు ఉండే అర నాకు తెలుసు. ఈ ఆదివారం ఖాళీ చేయించు, సంక్రాంతి అరిసెల లోపు.

ఆరు వారాల దాకా బరువులెత్తకు, నీళ్ల బిందె కూడా. ఆఫీసుకి కూచుని చేసే పనే గనక రెండు మూడు వారాలకి వెళ్లొచ్చు, కాకపోతే మొదట్లో మధ్యాహ్నానికి నీరసం ముంచుకొస్తుంది, ముందే మేనేజరుకి చెప్పుకో. మూడో నెల రక్తపరీక్షలు రాయించుకుని చేయించు: హిమోగ్లోబిన్, ఐరన్, బి12, విటమిన్ డి, క్యాల్షియం. రిపోర్టులు వచ్చిన రోజే నాకు వాట్సాప్ చెయ్యి. బాగున్నాయని ఫోన్లో చెబితే నమ్మను, కాయితం చూడాలి.

ఇట్లు,
మీ అత్తయ్య