సొవెటో ఊరైన కథ



జొహానెస్‌బర్గ్‌కు నైరుతి దిక్కున, బంగారు గనుల నుంచి తవ్విపోసిన పసుపు మట్టిదిబ్బలు దాటాక సొవెటో మొదలవుతుంది. వైశాల్యం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ పన్నెండున్నర లక్షలకు పైగా జనం ఉన్నారు. నిజానికి అది ఒక్క ఊరు కాదు. ఒకదాని పక్కన ఒకటి పుట్టిన పేటలన్నిటికీ ‘సౌత్ వెస్టర్న్ టౌన్‌షిప్స్’ అన్న మాటల తొలి అక్షరాలు కలిపి 1963లో అధికారులు ఖాయం చేసిన పేరు అది. దక్షిణాఫ్రికాలో టౌన్‌షిప్ అంటే తెల్లవారు కానివారిని నగరానికి దూరంగా ఉంచడానికి కట్టిన నివాస ప్రాంతం. నల్లవాడు పొద్దున నగరంలోకి వచ్చి పనిచేయవచ్చు, సాయంత్రం అక్కడ ఉండకూడదన్నది నాటి నియమం. ఈ కూలీ జనమంతా ఎప్పటికైనా తమ పల్లెలకు తిరిగి పోయేవారేనని పాలకులు లెక్క వేసుకున్నారు. ఆ లెక్క ఎలా తప్పిందో చెప్పేదే సొవెటో చరిత్ర. ఇప్పుడు సందర్శకులు వెళ్లి చూసే చోట్లలో చాలావరకు అది తప్పిన చోట్లే.

మొదలు 1904లో. ఆ ఏడాది మార్చిలో జొహానెస్‌బర్గ్‌లో ప్లేగు పుట్టింది. ‘కూలీ లొకేషన్’ అని తెల్లవారు పిలిచే వాడలో భారతీయులూ నల్లవారూ కిక్కిరిసి ఉండేవారు. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఒప్పందం తీరాక బతుకుతెరువు వెతుక్కుంటూ భారతీయులు కొందరు ఈ బంగారు నగరం దాకా వచ్చారు. అప్పుడు అక్కడ న్యాయవాదిగా ఉన్న గాంధీ ప్లేగు రోగులకు స్వయంగా సేవ చేశారు. ఆత్మకథలో ఆ రోజుల గురించి వివరంగానే రాశారు. నగరపాలకులు వాడను ఖాళీ చేయించి తగలబెట్టారు. జనాన్ని పదమూడు మైళ్ల దూరంలోని క్లిప్‌స్ప్రూట్ పొలంలో గుడారాల్లో దింపారు. పక్కనే నగరపు మురుగునీరు పారించే భూములు. నల్లవారికి ఆ గుడారాల చోటే చివరికి ఊరైంది, తర్వాత దానికి పిమ్‌విల్ అని పేరు వచ్చింది. రోగం పేరు చెప్పి మనుషులను ఊరి బయటకు నెట్టడం తర్వాతి పాలకులకూ బాగా పనికొచ్చింది.

1930ల తొలినాళ్లలో ఓర్లాండో అనే పేట వెలిసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కర్మాగారాల పనికి పల్లెల నుంచి జనం వరదలా వచ్చారు, ఇళ్లు మాత్రం కట్టలేదు. ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కుటుంబాలు అద్దెకు తలదాచుకునేవి. 1944లో జేమ్స్ ఎంపాంజా అనే నాయకుడు ఆ కుటుంబాలను వెంటబెట్టుకుని ఖాళీ స్థలంలోకి నడిచి, గోనెపట్టాలతో గుడిసెలు వేయించాడు. ఆయన ఉద్యమం పేరు సోఫసోంకే. చస్తే అందరం కలిసే చద్దామని దానర్థం. పురపాలక సంఘానికి వంగక తప్పలేదు. ఆ తర్వాత 1950లలో వేలకొద్దీ ఇళ్లు లేచాయి. నాలుగు గదులు, రేకు కప్పు, వరుసలో ఏది ఎవరిదో తెలియనంత ఒకే పోత. వాటిని అగ్గిపెట్టె ఇళ్లనే అంటారు. ఇల్లు కట్టించారు కానీ హక్కు ఇవ్వలేదు. ఉండేవాడికి దక్కేది అనుమతి కాగితమే, భూమి సర్కారుదే. 1955 నుంచి జొహానెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్ అనే వాడను కూలగొట్టి, అక్కడి నల్లవారిని లారీల్లో మెడోలాండ్స్‌కు తరలించారు. ఏ భాష మాట్లాడేవారిని ఆ పేటలో పెట్టాలన్న నియమమూ వచ్చింది. పిల్లలు వీధుల్లో కలిసి ఆడుకుని అన్ని భాషలూ కలిపేసిన మాట ఒకటి పుట్టించుకున్నారు.

ఆ సంవత్సరమే, 1955 జూన్ 25, 26 తేదీల్లో, సొవెటోలోని క్లిప్‌టౌన్ బయలులో దేశం నలుమూలల నుంచి వచ్చిన సుమారు మూడువేల మంది ప్రతినిధులు సమావేశమై స్వేచ్ఛా ప్రకటనను (ఫ్రీడమ్ చార్టర్) ఆమోదించారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌తో పాటు భారతీయుల కాంగ్రెస్ కూడా ఆ సభను నిర్వహించిన సంస్థల్లో ఒకటి. అక్కడ గౌరవ పురస్కారం ప్రకటించిన ముగ్గురిలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆల్బర్ట్ లుతులీ, క్రైస్తవ మతగురువు ట్రెవర్ హడిల్‌స్టన్‌లతో పాటు భారతీయుల నాయకుడు యూసుఫ్ దాదూ కూడా ఉన్నారు. నిషేధపుటుత్తర్వుల వల్ల లుతులీ, దాదూ రాలేకపోయారు. నెల్సన్ మండేలాకూ నిషేధమే, ఆయన దూరం నుంచి గమనించారు. రెండో రోజు పోలీసులు చుట్టుముట్టి కాగితాలన్నీ పట్టుకుపోయారు. 1956లో 156 మందిపై పెట్టిన రాజద్రోహం కేసుకు అవే సాక్ష్యాలయ్యాయి. 1961 నాటికి నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ చోటు ఇప్పుడు వాల్టర్ సిసులు చౌక్. విశాలమైన కాంక్రీటు ప్రాంగణం, మధ్యలో శంకువు ఆకారపు కట్టడం, లోపల ప్రకటనలోని పది అంశాలు. వాటిలో ఇళ్ల గురించి ఒకటుంది. రైలు పట్టాలు దాటితే రేకుల గుడిసెలు ఇప్పటికీ కనిపిస్తాయి.

సొవెటో పేరు ప్రపంచమంతా మోగింది 1976 జూన్ 16న. దాని మూలం ఒక చదువుల చట్టం. 1953లో వచ్చిన బంటూ విద్యా చట్టం నల్లపిల్లలకు కూలిపనికి సరిపడా చదువు చాలని తేల్చింది. 1974లో ఇంకో ఉత్తర్వు వచ్చింది: గణితం, సాంఘికశాస్త్రం ఆఫ్రికాన్స్‌లో చెప్పాలి. ఇంట్లో జులు, సోతో వంటి భాషలు, బడిలో అంతో ఇంతో ఇంగ్లీషు. ఆఫ్రికాన్స్ వారిని పాలించేవారి భాష. పాఠం చెప్పాల్సిన ఉపాధ్యాయుల్లో చాలామందికే అది సరిగా రాదు. లెక్క రాక తప్పడం వేరు, లెక్క అడిగిన భాష అర్థంకాక తప్పడం వేరు. పెద్దలు సర్దుకుపోదామనుకున్న చోట పిల్లలు ఎదురు తిరిగారు. మే నెలలోనే కొన్ని బడులు మూతపడ్డాయి. జూన్ 16 ఉదయం మారిస్ ఐజాక్‌సన్, నలేదీ వంటి ఉన్నత పాఠశాలల నుంచి యూనిఫాంలోనే వేల మంది ఓర్లాండో స్టేడియం వైపు బయల్దేరారు. ముందు నిలిచిన విద్యార్థి నాయకుల్లో త్సియెత్సి మషినీనీ ఒకడు. ఓర్లాండో వెస్ట్‌లో పోలీసులు అడ్డగించి, బాష్పవాయువు వదిలి, ఆపైన తుపాకులు పేల్చారు.

శామ్ న్జిమా అనే పత్రికా ఛాయాగ్రాహకుడు అక్కడ తీసిన ఫొటో మర్నాటికి దేశదేశాలకు చేరింది. ఓవరాల్ వేసుకున్న కుర్రాడు ఎంబుయిసా మఖుబో, చేతుల్లో వాలిపోయిన పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్, పక్కన అరచెయ్యి ఎత్తి ఏడుస్తూ పరుగెత్తుతున్న అక్క ఆంట్వానెట్. హెక్టర్‌ను ఒక విలేకరి కారులో దగ్గరి క్లినిక్‌కు తీసుకెళ్లారు, అప్పటికే ప్రాణం పోయింది. ఫొటో తీసినవాడు పోలీసుల వేధింపులకు జొహానెస్‌బర్గ్ వదిలి సొంతూరు పోయాడు. మఖుబో దేశం దాటాడు, 1978 తర్వాత అతని జాడే లేదు. అల్లర్లు దేశమంతా పాకాయి. ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే మృతులు 575 మందని ఒప్పుకుంది. ఆఫ్రికాన్స్ ఉత్తర్వు మాత్రం కొన్ని వారాల్లోనే వెనక్కి పోయింది. జూన్ 16 ఇప్పుడు అక్కడ యువజన దినోత్సవం, జాతీయ సెలవు. కాల్పులు జరిగిన చోటికి దగ్గర్లో 2002లో హెక్టర్ పీటర్సన్ మ్యూజియం తెరిచారు. ఎర్ర ఇటుక భవనం. ఎత్తైన కిటికీల్లోంచి పిల్లలు నడిచిన వీధులే కనిపిస్తాయి. వాటి పక్కన నిలబడి చదివితే గోడల మీది రాతలు బాగా ఒంటపడతాయి. సొవెటోలో ఒక్క చోటే చూసే వీలుంటే ఇదే చూడాలి.

అక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలోనే విలకాజీ వీధి. జులు కవి, విట్స్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన తొలి నల్లజాతి అధ్యాపకుడు బెనెడిక్ట్ విలకాజీ పేరు దానికి పెట్టారు. ఇద్దరు నోబెల్ శాంతి బహుమతి గ్రహీతలు, మండేలా, డెస్మండ్ టుటు, ఒకే వీధిలో ఇళ్లున్నవారు కావడం దాని ఘనత. 8115 నంబరు ఇంట్లోకి మండేలా 1946లో దిగారు. 1990లో జైలు నుంచి విడుదలై అక్కడికే వచ్చారు, కానీ పదకొండు రోజులకు మించి ఉండలేకపోయారు. ఇప్పుడది మ్యూజియం. గోడల మీద తూటాల గుర్తులు, లోపల తూటాలు తగలకుండా అడ్డంగా కట్టిన చిన్న గోడ, పెరట్లో పిల్లల బొడ్డుతాళ్లు పాతిన చెట్టు కనిపిస్తాయి. వీధంతా ఇప్పుడు హోటళ్లూ జ్ఞాపికల దుకాణాలే. సందడి కాస్త ఎక్కువే.

రాక్‌విల్‌లోని రెజీనా ముండి కాథలిక్ చర్చి అంతకంటే ప్రశాంతంగా, అంతకంటే బరువుగా ఉంటుంది. సభలు నిషేధించిన కాలంలో జనం కూడడానికి మిగిలింది ప్రార్థన మందిరమే. అంత్యక్రియలు, స్మారక సభలు అన్నీ అక్కడే. 1976లో పిల్లలు తలదాచుకోను పరుగెత్తితే పోలీసులు లోపలికీ వచ్చారు. పైకప్పులో తూటా రంధ్రాలు, తుపాకి మడమ దెబ్బకు విరిగిన పాలరాతి బలిపీఠం మూల ఇప్పటికీ ఉన్నాయి. లారీ స్కల్లీ 1973లో గీసిన నల్ల మరియమ్మ చిత్రం అక్కడే. తర్వాత వర్ణవివక్ష కాలపు అకృత్యాలపై వేసిన సత్య, సయోధ్యల కమిషన్ విచారణలు కూడా ఈ చర్చిలో జరిగాయి.

దూరానికి కనిపించే జంట గోపురాలు ఓర్లాండో విద్యుత్ కేంద్రానివి. 1940ల నుంచి 1998 దాకా అది బొగ్గు మండించి జొహానెస్‌బర్గ్‌కు కరెంటు ఇచ్చింది. పక్కనే ఉన్న సొవెటోలో 1980ల దాకా చాలా ఇళ్లలో వెలిగింది కొవ్వొత్తులూ కిరోసిన్ దీపాలే. శీతాకాలం రాత్రుల్లో బొగ్గు పొయ్యిల పొగ పేటలను కమ్మేసేది. సుమారు 100 మీటర్ల ఎత్తున్న ఆ చల్లార్చే గోపురాల మీద ఇప్పుడు సొవెటో జీవితపు రంగురంగుల బొమ్మలున్నాయి. వాటి మధ్య కట్టిన వంతెన మీంచి తాడు కట్టుకుని దూకేవారికీ కొదవ లేదు.

క్రిస్ హని బారగ్వానథ్ ఆసుపత్రి చూడదగిన చోటుగా ఎవరూ చెప్పరు కానీ సొవెటో ముఖద్వారం అదే. 1942లో బ్రిటిష్ సైనికుల కోసం కట్టింది, 1948 నుంచి నల్లవారి ఆసుపత్రి, సుమారు మూడువేల పడకలతో ప్రపంచంలోనే పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి.

తిండి విషయానికొస్తే, వీధి మూలల్లో దొరికే కోటా రుచి చూడనిదే సొవెటో చూసినట్టు కాదు. పావు రొట్టె లోపలి మెత్తని భాగం తీసేసి, ఆ గుంటలో ఆలుగడ్డ వేపుళ్లు, మాంసం ముక్క, మామిడికాయ అచార్ కూరుతారు. ఆ అచార్‌కు మన ఊరగాయతో దగ్గర చుట్టరికమే. కూర్చుని తినేవారికి మొక్కజొన్న పిండితో వండిన పాప్, పక్కన కారం కారంగా చకలాకా అనే కూరగాయల కూర.

ఇక ఫుట్‌బాల్. 1937లో పుట్టిన ఓర్లాండో పైరేట్స్‌లో ఆడిన కైజర్ మోటాంగ్ అమెరికాలో ఆడి వచ్చి 1970లో కైజర్ చీఫ్స్ పెట్టాడు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరో జట్టు కాసుకోవడం అక్కడ మామూలే. 1976లో పిల్లలు చేరలేకపోయిన ఓర్లాండో స్టేడియాన్ని తర్వాత కొత్తగా కట్టారు, కానీ ఈ రెండు జట్ల పోటీకి అది చాలదు. అందుకే పోటీ చాలాసార్లు సొవెటో అంచున, సొరకాయ బుర్ర ఆకారంలో ఉన్న ఎఫ్‌ఎన్‌బీ స్టేడియంలో జరుగుతుంది. 2010 ప్రపంచకప్ ఫైనల్ ఆడిందీ అక్కడే. ఆ పోటీ రోజున టికెట్ ముందే కొనుక్కోవాలి.