సరకు కన్నా ముందు కొనేవారిని చూడండి

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆస్తిపాస్తులన్నీ మక్కాలోనే వదిలి మదీనాకు హిజ్రత్ చేశారు. ఆయనకు సోదరునిగా నియమితులైన అన్సారీ సహాబీ హజ్రత్ సఅద్ బిన్ రబీ (ర) తన సంపదలో సగం ఇస్తానన్నారు. ఆయన దుఆ చేసి, సున్నితంగా కాదని, బజారు ఎక్కడుందో చూపమని మాత్రం అడిగారు. అక్కడ పనీరు, నెయ్యి వంటి నిత్యావసరాలతో వ్యాపారం మొదలుపెట్టి, కొద్దికాలంలోనే తన కాళ్ళపై తాను నిలబడ్డారు.

గమనించండి! ఆయన ముందుగా అడిగింది సరకు గురించి కాదు, బజారు గురించి.

మన ఇళ్ళలో తరచూ దీనికి విరుద్ధంగా జరుగుతుంది. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన సోదరుడు ఏళ్ళ తరబడి దాచిన సొమ్ముతో దుకాణం నిండా సరకు నింపుతాడు. కొనేవారి కోసం ఆ తర్వాత వెతుకుతాడు. కొన్ని నెలలకే సరకు బూజు పడుతుంది, ఇంట్లో నగలు తాకట్టుకు పోతాయి. అదృష్టం బాగాలేదని సరిపెట్టుకుంటారు. కాని చాలాసార్లు లోపం అదృష్టంలో ఉండదు, వ్యాపారం మొదలుపెట్టిన వరుసలో ఉంటుంది. ఆ వరుసను నేర్పే విద్యనే నేడు మార్కెటింగ్ అంటున్నారు.

మార్కెటింగ్ అంటే ఏమిటి?

మార్కెటింగ్ అంటే ప్రకటనలని, మాటకారితనమని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. ఉన్న సరకును వదిలించుకోవడం అమ్మకం. ఎవరికి ఏమి అవసరమో తెలుసుకొని, దానిని వారికి అందేలా, వారు భరించగలిగేలా, మనకూ గిట్టుబాటయ్యేలా ఏర్పాటు చేయడం మార్కెటింగ్. అమ్మకం సరకు వచ్చాక మొదలవుతుంది. మార్కెటింగ్ సరకు కొనకముందే మొదలవుతుంది.

1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ఆచార్యుడు ఈ విద్యను నాలుగు అంశాలుగా విభజించాడు. అవి సరకు, ధర, చోటు, ప్రచారం. నేటికీ ప్రారంభ పాఠం ఇదే. మన దేశంలోని ఒక ఉదాహరణతో వీటిని పరిశీలిద్దాం.

సైకిలుపై వచ్చిన సబ్బు పొడి

1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ అనే ప్రభుత్వోద్యోగి తన ఇంటి పెరట్లో బట్టల సబ్బు పొడి తయారు చేశాడు. ఆయన రసాయన శాస్త్రం చదివినవాడు. అప్పటికే మార్కెట్లో సర్ఫ్ ఉంది. కాని దాని ధర సామాన్యులకు అందుబాటులో లేదు. మధ్యతరగతి, పేద ఇల్లాళ్ళు సబ్బు బిళ్ళలతోనే ఉతికేవారు. వారికి పొడి అక్కరలేక కాదు, కొనే స్తోమత లేక. పటేల్ ఈ ఖాళీని గుర్తించాడు. సర్ఫ్ ధరలో దాదాపు నాలుగో వంతుకే పొడిని సైకిలుపై ఇంటింటికీ తిరిగి అమ్మాడు. అదే నిర్మా. 1980ల నాటికి ఆ పొడి దేశమంతటా ఇళ్ళలోకి చేరింది.

ఇందులో నాలుగు అంశాలూ ఉన్నాయి. సరకు: ఖరీదైన పొడి అంత మెత్తనిది కాకపోయినా మురికి వదిలించేది. ధర: పేద ఇల్లాలు ఇవ్వగలిగినది. చోటు: కొనేవారి గుమ్మమే. ప్రచారం: తొలి రోజుల్లో వాడినవారి నోటి మాట, తర్వాత రేడియో, టీవీ పాట.

చివరకు పెద్ద కంపెనీ కూడా ఇదే పాఠం నేర్చుకొని, 1980ల చివర్లో వీల్ పేరుతో చౌక పొడిని తెచ్చింది. కొనేవారిని గమనించడం ఒక్కసారి చేసి మానుకునే పని కాదన్నమాట.

ధర: ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు

ఒక సోదరి ఇంట్లో బుర్ఖాలు కుట్టి అమ్ముతోందనుకుందాం. ఒక్కో బుర్ఖాకు గుడ్డ 420 రూపాయలు, దారం, బటన్లు, లేసు 40, ఆటో, కరెంటు 30. మొత్తం 490 అయింది కదా అని ఆమె 600కు అమ్మి 110 లాభమనుకుంటుంది. కాని తన కుట్టుకూలి లెక్కించలేదు. అది 160 అనుకుంటే అసలు ఖర్చు 650. అంటే ప్రతి బుర్ఖాపైనా ఆమె తన కష్టంలో 50 రూపాయలు వదులుకుంటోంది.

ధర 750గా పెడితే బుర్ఖాకు 100 మిగులుతుంది. కుట్టుమిషను వాయిదా, ఫోను ఖర్చు కలిపి నెలకు 1,200 అయితే, 12 బుర్ఖాలు అమ్మితే ఆ ఖర్చు తీరుతుంది. లాభం 13వ బుర్ఖా నుంచే మొదలు.

ఇప్పుడు పక్క వీధి దుకాణంతో పోటీపడి ధర 50 రూపాయలు తగ్గించిందనుకోండి. మిగిలేది 50 మాత్రమే. అదే ఖర్చు తీరడానికి 24 బుర్ఖాలు అమ్మాలి. తగ్గించింది 50 రూపాయలే, పెరిగిన భారం రెండింతలు! అందుకే ధర తగ్గించే ముందు కాగితం, కలం తీసుకోవాలి. అరువు కూడా ఇలాంటిదే. డబ్బు చేతికి వచ్చేవరకు ఆ బుర్ఖా అమ్ముడుపోయినట్లు కాదు.

ధర తగ్గించకుండానే సరకును అందుబాటులోకి తెచ్చే మార్గాలూ ఉన్నాయి. 1983లో తమిళనాడులోని కడలూరులో మొదలైన చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లతోనే పల్లెలకు చేరింది. సీసా కొనలేని కూలీ తల్లి కూడా ఒక ప్యాకెట్ కొనగలదు. ఇదే పద్ధతిలో మన సోదరి పిల్లల మఖ్నాలు, నమాజు ఓఢ్నీలు వంటి తక్కువ ధర వస్తువులతో కొత్తవారికి తన కుట్టుపని చూపవచ్చు.

ప్రచారానికి హద్దు

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. అలాంటప్పుడు తడి గింజలను అందరికీ కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) మందలించారు. సరకులో లోపం ఉండటం వేరు, దానిని దాచడం వేరు.

ఇది ధర్మం మాత్రమే కాదు, వ్యాపార వివేకం కూడా. "ఈ రంగు రెండు ఉతుకులకు కొద్దిగా వెలుస్తుంది, అందుకే ధర తక్కువ" అని చెప్పిన దుకాణానికి గిరాకీ మళ్ళీ వస్తుంది. మోసపోయిన మనిషి తాను రాకపోవడమే కాక, పదిమందిని రాకుండా చేస్తాడు. చిన్న వ్యాపారికి వచ్చినవారు మళ్ళీ రావడమే అన్నిటికన్నా చౌకైన ప్రచారం.

మొదలుపెట్టే ముందు

ప్రియ సోదర సోదరీమణులారా! పెట్టుబడి పెట్టకముందే ఒక వారం కేటాయించండి. మీ వీధిలో పదిమందిని కలవండి. "నా దగ్గర కొంటారా?" అని అడగకండి. మొహమాటానికి అందరూ సరేనంటారు. "ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు? ఎంతకు? అందులో మీకు నచ్చనిది ఏమిటి?" అని అడగండి. జవాబులు రాసుకోండి. తర్వాత కొద్ది సరకుతోనే మొదలుపెట్టండి. నెల తిరిగాక ఎవరు రెండోసారి వచ్చారో, ఎవరు రాలేదో చూడండి. రానివారిని కారణం అడగడానికి సిగ్గుపడకండి. వారి ఫిర్యాదే మీకు తర్వాతి పాఠం.

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన తూకంలోను, మాటలోను నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.