అకౌంటెంట్ జనరల్ నుంచి ఆర్థిక మంత్రి దాకా: అక్బర్ హైదరీ

ఆర్థిక మంత్రి అనగానే మనకి బడ్జెట్ రోజు టీవీలో ప్రసంగం గుర్తొస్తుంది. హైదరాబాద్ సంస్థానంలో ఆ పదవి చేసిన సర్ అక్బర్ హైదరీ లెక్కల శాఖ నుంచి వచ్చిన మనిషి. 1869లో బొంబాయిలో పుట్టి, 1888లో బ్రిటిష్ ఇండియా ఆర్థిక శాఖలో చేరారు. 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాద్ వచ్చారు. 1921లో ఆర్థిక మంత్రి, 1937లో ప్రధాని అయ్యారు.

ఆయన చేసినవాటిలో మూడు పనులు చూద్దాం.

మొదటిది బడ్జెట్. ఏడాది చివర మిగిలిన డబ్బు ఖజానాకి వెనక్కి పోతుందంటే ఏ ఆఫీసైనా ఏం చేస్తుంది? హడావిడిగా ఖర్చు పెట్టేస్తుంది. హైదరీ ఒక్కో శాఖకి మూడేళ్ళ మొత్తం ముందే ఖాయం చేసి, మిగిలింది ఆ శాఖకే వదిలేశారు. అప్పుడు పొదుపు చేసినవాళ్ళకి నష్టం ఉండదు.

రెండోది రైల్వే. దాని పేరే ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. నడిపేది లండన్ కంపెనీ, వాళ్ళ పెట్టుబడి మీద రాబడికి పూచీ మాత్రం సంస్థానానిది. 1930లో సంస్థానం ఆ రైల్వేని కొనేసింది.

మూడోది ఆయన మంత్రి కాకముందుది. 1917లో హోం సెక్రటరీగా ఉంటూ, ఉర్దూలో బోధించే విశ్వవిద్యాలయం కావాలని నిజాంకి నివేదిక ఇచ్చారు. పరాయి భాషలో చదివితే విద్యార్థి శక్తి భాషకే ఖర్చైపోతుందన్నది వాదన. 1918లో ఉస్మానియా వచ్చింది. పుస్తకాల కోసం జీతాలిచ్చి అనువాదకుల్ని పెట్టారు. తర్వాత ఇంజనీరింగ్ కూడా అక్కడ ఉర్దూలోనే చెప్పారు!

వాదన సరైనదే. కానీ సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి ఇంగ్లీషులాగే ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. వాడి శక్తి ఎంత ఖర్చైందో ఏ లెక్కలోనూ రాయలేదు. తెలుగులో కాలేజీ పుస్తకాలు తెచ్చే తెలుగు అకాడమీ 1968లో గానీ రాలేదు.

నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. రికర్షన్ గురించి తెలుగులో చెప్పమంటే రెండో వాక్యానికే తడబడతాను. అందుకే హైదరీ కథలో నాకు పట్టుకున్న విషయం ఇదీ: ఒక భాషలో సైన్స్ చెప్పాలంటే అభిమానం ఒక్కటే చాలదు. పదాలు తయారుచేసేవాళ్ళకి నెలనెలా జీతం కావాలి. అంటే బడ్జెట్‌లో ఆ భాష పేరు మీద ఒక పద్దు ఉండాలి. అప్పుడు ఉర్దూకి అది దొరికింది, తెలుగుకి దొరకలేదు.