ధర్మసంస్థలలో పెత్తనపు తగవులు: ఏ న్యాయస్థానమునకు ఏ అధికారము?

ఒక ధర్మసంస్థలో పెత్తనమును గూర్చి తగవు పుట్టినదని తెలిసికొనుటకు న్యాయస్థానము దాక పోనక్కరలేదు. బీరువా తాళపుచెవులు ఒకరి యింటికిని, సంస్థ ముద్ర వేరొకరి యింటికిని చేరును. ఒకే నెలలో రెండు సర్వసభ్య సమావేశములు జరిగినట్లు రెండు మినిట్సు పుస్తకములు బయలుదేరును. చెక్కుపై నెవరి సంతకము చెల్లునో తెలియక బ్యాంకువారు ఖాతాను నిలిపివేయుదురు. మేమెరిగిన యొక ధర్మపాఠశాలలో ఇట్టి స్థితి యేర్పడి, యాజమాన్యము జీతమిచ్చు ఉపాధ్యాయులు మూడు నెలలు జీతము లేక గడిపిరి. ప్రయోగశాల తాళము తీయువారు లేక తొమ్మిదవ తరగతి పిల్లలు వరండాలో కూర్చుండిరి. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినవన్న సామెత మాకు నాడు కన్నులకు గట్టినది.

ఇరుపక్షములవారును కోర్టుకెక్కిరి. ఒకరు మునసబు కోర్టునకును, వేరొకరు జిల్లా కోర్టునకును పోయిరి. న్యాయమెవరిదన్న ప్రశ్న వెనుకబడి, దావాను వినవలసిన దెవరన్న ప్రశ్న మీదనే ఒక యేడాది గడచినది. ఆ రెండవ ప్రశ్ననే ఈ పాఠమున విచారింతము. పై తరగతుల విద్యార్థులు పౌరశాస్త్రమున న్యాయస్థానముల అంతస్తులను చదివియే యున్నారు గనుక ఆ భాగమును మరల చెప్పము.

మొదట ట్రస్టు అననేమో తెలియవలెను. ఒకడు తన యాస్తిని ఇతరుల మేలుకొరకు నమ్మకముతో వేరొకరి చేతికప్పగించుట ట్రస్టు, అప్పగింపబడినవాడు ధర్మకర్త. పట్టాలో పేరు ధర్మకర్తది, ఫలము పరులది. ఆ ఫలము పొందువారు ఫలానా వారి పిల్లలు, ఫలానా వారి మనుమలు అని లెక్కకు వచ్చిన, అది ప్రైవేటు ట్రస్టు. 1882వ సంవత్సరపు ఇండియన్ ట్రస్టుల చట్టము అట్టివాటికే వర్తించును. ఫలము పొందువారు ఒక ఊరి బీదలు, ఒక భాష మాటలాడు పిల్లలు, వైద్యాలయమునకు వచ్చు రోగులు మొదలగు పేరుపేరున చెప్పరాని జనసమూహమైనచో అది సార్వజనిక ధర్మసంస్థ యగును.

ఇక్కడనే చిక్కున్నది. దాత గతించును. ఫలము పొందవలసిన బీదలకు తమకట్టి హక్కున్నదన్న సంగతియే తెలియదు. ధర్మకర్త తప్పుదారి త్రొక్కినచో అడుగువారెవరు? చెన్నపట్టణపు చరిత్రయే దీనికి మంచి దృష్టాంతము. దుబాసీగా గొప్ప ధనమార్జించిన పచ్చయప్ప మొదలియారు 1794లో పరమపదించెను. తన ధనమును ధర్మకార్యములకు వినియోగింపవలెనని ఆయన వీలునామా వ్రాసెను. కాని వీలునామా వ్రాసినంత మాత్రమున ధర్మము నడువదు. దానిని నడుపవలసినవారి నడుమ వ్యాజ్యములు పెరిగి దశాబ్దములు సాగినవి. తుదకు మదరాసు సుప్రీంకోర్టు కలుగజేసికొనెను. (ఇది నేటి ఢిల్లీ సుప్రీంకోర్టు కాదు, 1862లో మదరాసు హైకోర్టు వచ్చునంతవరకు ఈ నగరమున నుండిన కోర్టునకు ఆ పేరుండెను.) నాటి అడ్వకేట్ జనరల్ జార్జి నార్టన్ ఈ ధర్మమును చక్కబెట్టుటకు మిక్కిలి పాటుపడెను. దైవకార్యములకు పోగా మిగిలిన సొమ్ము విద్యకు వినియోగింపవలెనని నిర్ణయమైనది. దాత మరణించిన దాదాపు అర్ధశతాబ్దమునకు, 1842 జనవరిలో, పచ్చయప్ప పాఠశాల వెలసినది. ఆ నడుమ పుట్టి, చదువు లేకయే పెరిగిపోయిన పిల్లలెందరో లెక్కించినవారు లేరు.

నోరులేని వారి పక్షమున ప్రభుత్వ న్యాయవాదియో, సంస్థయందు ఆసక్తిగలవారో మాటలాడవలెనన్న ఈ యూహయే 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడులో 92వ సెక్షనుగా నున్నది. ధార్మికమైనను మతసంబంధమైనను సార్వజనిక ట్రస్టుకు ద్రోహము జరిగినపుడు, లేదా దాని నిర్వహణకు న్యాయస్థానపు ఆదేశము అవసరమైనపుడు, అడ్వకేట్ జనరల్ గాని, ట్రస్టునందు ఆసక్తి గల ఇద్దరు లేక అంతకెక్కువమంది గాని దావా వేయవచ్చును. ఆ ఇద్దరు పూర్వము అడ్వకేట్ జనరల్ వ్రాతపూర్వకమైన సమ్మతిని పొందవలసియుండెను. 1976లో చేసిన సవరణ చేత ఇప్పుడు న్యాయస్థానపు అనుమతినే పొందవలెను. ఆ యనుమతి నొసగుటకు ముందు ప్రతివాదులకు నోటీసు పంపుట మంచిదనియు, పంపనంత మాత్రమున అనుమతి చెల్లకపోదనియు సుప్రీంకోర్టు నారాయణ చెట్టియారు వ్యాజ్యమున చెప్పెను.

ఈ సెక్షను క్రింద కోర్టు చేయగల పనులు పెద్దవి. ధర్మకర్తను తొలగించుట, క్రొత్తవానిని నియమించుట, తొలగిన వాని చేతినుండి ఆస్తి నిప్పించుట, లెక్కలడుగుట, ఆస్తిని అమ్ముటకో కుదువబెట్టుటకో అనుమతించుట, సంస్థ నడచుటకు ఒక స్కీమును ఏర్పరచుట వానిలో ముఖ్యములు. ఈ పరిహారములను కోరు దావాను మరియొక మార్గమున వేయరాదని అదే సెక్షను శాసించుచున్నది. వినవలసినది జిల్లాలోని ప్రధాన సివిల్ న్యాయస్థానము, అనగా జిల్లా కోర్టు, లేక రాష్ట్ర ప్రభుత్వము అధికారమిచ్చిన వేరొక కోర్టు. ఆస్తి విలువ నూరు రూపాయలైనను కోటి రూపాయలైనను ఇందు భేదము లేదు. చెన్న నగరమున ఇట్టి దావాలను హైకోర్టే తన మూలాధికారమున విచారించుచు వచ్చినది. ట్రస్టు ఆస్తిలో కొంతభాగమున్న చోటనైనను దావా వేయవచ్చును. ఇల్లొక రాష్ట్రమునను పొలమొక రాష్ట్రమునను గల మన సరిహద్దు సంస్థలవారు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

ఇక తగవుల సంగతికి వత్తము. అధ్యక్షుడను నేను, నీవు కావు అన్న తగవు 92వ సెక్షను క్రిందికి వచ్చునా? సామాన్యముగా రాదు. ఆ సెక్షను ప్రజల హక్కును కాపాడుటకేర్పడినది. ఒకని కుర్చీని కాపాడుటకు కాదు. నన్ను అక్రమముగా తొలగించితిరి, నా పదవి నాకిప్పింపుడు అని కోరువాడు తన సొంతహక్కు నడుగుచున్నాడు. అది అదే కోడులోని 9వ సెక్షను క్రింద సాధారణ సివిల్ కోర్టుకు, దావా విలువనుబట్టి మునసబు కోర్టుకో సబుకోర్టుకో పోవలసినది. గౌరవాధ్యక్షునికి జీతము లేదు గదా, కోర్టుకేమి పని అని కొందరందురు. పదవికి ప్రతిఫలమున్నను లేకున్నను భేదము లేదని ఆ సెక్షను వివరణయే చెప్పుచున్నది.

ఈ భేదమును చక్కగా తేటపరచినది హిమాలయములలోని జ్యోతిర్మఠపు వ్యాజ్యము. పీఠాధిపతి బ్రహ్మానంద సరస్వతి 1953లో సిద్ధిపొందిన పిమ్మట, వారసుడెవరన్న వివాదము పుట్టినది. రామ్‌జీ త్రిపాఠీ, అనగా శాంతానంద సరస్వతి, పీఠమున నుండుట చెల్లదని స్వామి పరమాత్మానంద సరస్వతి పక్షమువారు 92వ సెక్షను క్రింద దావా నడపిరి. ఆ దావాపత్రమున ప్రజాహితమును గూర్చిన మాటలు లేకపోలేదు. కాని 1974లో సుప్రీంకోర్టు, కోరిన పరిహారముల పట్టికను మాత్రమే చూచి ఊరకుండరాదనియు, వాదులు ఏ హోదాలో, ఏ ప్రయోజనమునకై దావా వేసిరో చూడవలెననియు తీర్పు చెప్పెను. అట్లు చూడగా అది కృష్ణబోధాశ్రముని వ్యక్తిగతమైన హక్కును స్థాపించుటకు వేసిన దావాగా తేలినది, నిలువలేదు. పై పూత ఏ రంగైనను లోపలి కొయ్యను చూడవలెనన్నమాట. మా యభిప్రాయమున ఈ తీర్పు ధర్మసంస్థలకు గొప్ప మేలు చేసినది. లేనిచో ఓడిన ప్రతి అభ్యర్థియు ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని ప్రజల పేరిట జిల్లా కోర్టు మెట్లెక్కెడివాడే.

అయినను ఈ గీత ఎల్లప్పుడును స్పష్టముగా నుండదు. పెత్తనము కొరకు పోరాడు ఇరుపక్షములును కలిసి సంస్థ సొమ్మును కరగించుచుండినచో అది వారి సొంతతగవు మాత్రమే కాదు. అప్పుడు తలిదండ్రులు గాని, పూర్వవిద్యార్థులు గాని లెక్కలు చూపుడని, స్కీము నేర్పరుపుడని కోరవచ్చును. వారి ఆసక్తి నిజమైనదై యుండవలెను. దారిన పోవువాని కుతూహలము చాలదు. ఒకసారి స్కీమేర్పడినచో, దానిని మార్చు అధికారమును ఆ డిక్రీలోనే నిలుపుకొనిన కోర్టునకు పిటిషను మూలముననే పోవచ్చుననియు, క్రొత్త దావా అక్కరలేదనియు 1961లో సుప్రీంకోర్టు ఆనందరావు వ్యాజ్యమున నిర్ణయించినది.

సంస్థ ఏ చట్టము క్రింద పుట్టినదో కూడ చూడవలెను. తమిళనాట దేవాలయములు 1959వ సంవత్సరపు హిందూ మత ధర్మాదాయ చట్టము క్రింద నుండుటచే వానికి 92వ సెక్షను వర్తింపదు. షోలాపురము మొదలగు చోట్ల మన తెలుగువారు నడుపు ట్రస్టులు మహారాష్ట్రపు 1950వ సంవత్సరపు పబ్లిక్ ట్రస్టుల చట్టమునకు లోబడినవి. అక్కడ ధర్మకర్తలు మారినపుడు మార్పు నివేదికను చారిటీ కమిషనరు కార్యాలయమున దాఖలు చేయవలెను. ఎన్నిక చెల్లునా చెల్లదా యన్న విచారణ మొదట ఆ కార్యాలయముననే జరుగును. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రప్రదేశమున రిజిష్టరైన సొసైటీలకు 2001వ సంవత్సరపు చట్టములోని 23వ సెక్షను వేరొక దారి చూపుచున్నది: సభ్యుల తగవు మధ్యవర్తిత్వమునకు గాని, నేరుగా జిల్లా కోర్టునకు గాని పోవచ్చును. పేరులో ట్రస్టు అని యున్నంత మాత్రమున ట్రస్టు కానక్కరలేదు. రిజిస్ట్రేషను పత్రమును చూడనిదే ఏ వకీలును జవాబు చెప్పడు.

అభ్యాసము: చెన్న నగరమున పాఠశాలయు, నెల్లూరు జిల్లాలో పదియెకరముల మాగాణియు గల యొక సార్వజనిక విద్యాధర్మ మున్నదనుకొనుడు. తనను నోటీసు లేకయే తొలగించిరని పూర్వ కార్యదర్శి పదవిని కోరుచున్నాడు. అయిదేండ్లుగా హాస్టలు లెక్కలు చూపలేదని ఇద్దరు తలిదండ్రులు ధర్మకర్తలను తొలగింపుమని కోరుచున్నారు. మరి ఇద్దరు ప్రజాహితము పేర దావా వేసిరి గాని, వారి వకీలు రుసుము చెల్లించినది ఆ పూర్వ కార్యదర్శియే. చివరి కోరికలో అతనినే అధ్యక్షునిగా నియమింపుమని యున్నది. ఒక్కొక్క దావా ఏ సెక్షను క్రింద, ఏ కోర్టున, ఏ యూర వేయవలెనో కారణములతో వ్రాయుడు. మూడవదానికి జవాబు వ్రాయునపుడు జ్యోతిర్మఠపు వ్యాజ్యమును మరల చదువుడు.