ఒకటవ తరగతి: బాల్యంలో ఒక కీలక వత్సరం

మన దేశంలో ప్రాథమిక విద్యా ప్రగతిని గురించి చర్చ జరిగినప్పుడు బడుల సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య, అయిదవ తరగతి ముగించిన బాలబాలికల సంఖ్య మొదలైనవి ప్రస్తావనకు వస్తాయి. కాని ఆ ప్రయాణం మొదలయ్యే తొలి సంవత్సరం బిడ్డకు ఎట్లా గడిచిందన్న ప్రశ్న అరుదుగా వినబడుతుంది. ఆరేళ్ల పసిబిడ్డ ఇల్లు విడిచి, అయినవారిని విడిచి, పగలంతా బడిలో గడపడం అలవాటు చేసుకునే సంవత్సరమది. చదువు తనకు అందేదే అన్న నమ్మకం గాని, అది తనవంటివారికి కాదన్న బెరుకు గాని చాలావరకు ఈ ఏడాదిలోనే మనస్సులో నాటుకుంటుంది. అందుచేత ఒకటవ తరగతిని తక్కిన తరగతులలో ఒకటిగా కాక, ప్రత్యేకంగా పరిశీలించవలసిన దశగా గుర్తించడం అవసరం.

పలక పట్టించే సంప్రదాయాలు

బిడ్డకు తొలి అక్షరం దిద్దించడాన్ని శుభకార్యంగా భావించడం మన దేశంలో అనేక ప్రాంతాలలో ఉన్నది. తెలుగునాట పలక, బలపం పూజలో ఉంచి, పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి అక్షరాలు రాయిస్తారు. ఇందుకోసం గోదావరీ తీరాన గల బాసర సరస్వతీ ఆలయానికి దూరప్రాంతాల నుంచి తల్లిదండ్రులు వస్తారు. బెంగాలులో సరస్వతీ పూజనాడు 'హాతేఖొడి' జరుపుతారు. కేరళలో విజయదశమినాడు జరిగే విద్యారంభాన్ని ఆలయాలలోనే కాక, కొన్ని క్రైస్తవ చర్చిలలోను నిర్వహిస్తున్నారు. ముస్లిం కుటుంబాలలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండినప్పుడు 'బిస్మిల్లా' వేడుక చేయడం ఆచారం.

ఈ వేడుకలలో భాష వేరైనా, మతం వేరైనా, ఒక పోలిక కనిపిస్తుంది. బిడ్డ చేయి మరొకరి చేతిలో ఉంటుంది. తప్పు పోతుందన్న భయం ఉండదు. రాయడం కాగానే మిఠాయి దొరుకుతుంది. తరువాత వచ్చే బడి రోజులలో ఈ మూడింటిలో ఎన్ని మిగిలి ఉంటాయన్నదే అసలు ప్రశ్న.

పగలంతా బడి

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకంగా మొదలై, క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. ఆ పథకం కింద నడిచే అంగన్‌వాడీలలో చాలామంది గ్రామీణ బాలలు ఆటపాటలతో కొన్ని గంటలు గడపడానికి అలవాటుపడతారు. ఒకటవ తరగతికి రాగానే పరిస్థితి మారుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు సంవత్సరానికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. అనగా రోజుకు సగటున 4 గంటల బోధన. ప్రార్థన, విరామాలు, భోజన సమయం కలుపుకుంటే బిడ్డ బడిలో గడిపే కాలం అంతకంటె చాలా ఎక్కువే అవుతుంది.

ఆరేళ్ల శరీరానికి ఇది పెద్ద మార్పు. గంటల తరబడి ఒకచోట కూర్చోవడం, దాహం వేసినా, మూత్రవిసర్జనకు పోవలసివచ్చినా అనుమతి అడగడం, ఇంట్లో ఆకలి వేసినప్పుడు తినే అలవాటు మాని గంట మోగే వరకు ఆగడం, ఇవన్నీ నేర్చుకోవలసిన పాఠాలే. పాఠ్యపుస్తకంలో లేని ఈ పాఠాల దగ్గరే అనేకమంది బాలలు తొలిసారి తడబడతారు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే, లోపల గడియ లేకపోతే, కొందరు బాలికలు ఉదయం నుంచి నీరు తాగడమే మానివేస్తారు. దానికి అలసట తోడయితే, ఆ బిడ్డ మధ్యాహ్నం వేళ పాఠం వినడం లేదని గద్దించడం వలన ప్రయోజనం ఉండదు.

ఆకలి విషయంలో మాత్రం దేశం చెప్పుకోదగిన మార్గం కనిపెట్టింది. తమిళనాడులో కామరాజ్ ప్రభుత్వం నాటిన మధ్యాహ్న భోజన భావన 1982లో ఎం. జి. రామచంద్రన్ కాలంలో విస్తృతమైంది. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ పథకాన్ని ప్రారంభించింది. వండిన భోజనమే వడ్డించాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఈ పథకానికి 2021లో 'పి.ఎం. పోషణ్' అని పేరు మార్చారు. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 450 కెలోరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందించాలన్నది ప్రమాణం. అయితే ఈ భోజనం చేసే మేలు కెలోరీల లెక్కకే పరిమితం కాదు. వేర్వేరు కులాల, మతాల బాలలు ఒకే వరుసలో కూర్చుని, ఒకే గుండిగ నుంచి వడ్డించినది తినడం ఒకటవ తరగతిలోనే మొదలవుతుంది. పంక్తిలో భేదం పాటించిన చోట బిడ్డ దానిని కూడా పాఠంగానే నేర్చుకుంటాడన్న సంగతి పెద్దలు మరువరాదు.

ఇంటి మాట, బడి మాట

తొలి సంవత్సరంలో ఎదురయ్యే అడ్డంకులలో అన్నింటికంటె లోతైనది భాష. గోండి, కోయ, సవర, కువి వంటి భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన బిడ్డకు ఉపాధ్యాయుని తెలుగు కూడా కొత్త భాషే. అటువంటి బిడ్డ మౌనంగా కూర్చుంటే మందమతి అని ముద్ర వేయడం సులభం. నిజానికి ఆ బిడ్డ ఇంటి భాషలో లెక్కలు చెప్పగలడు, కథలు అల్లగలడు, అడవిలోని చెట్లను పేరు పేరునా గుర్తించగలడు. బడిలో అతని తెలివిని అడిగే భాష మాత్రమే లేదు.

1956లో 7వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించవలసిందిగా రాష్ట్రాలను కోరుతున్నది. ఆచరణలో ఇది చాలాకాలం కాగితాలకే పరిమితమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతాన గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి బహుభాషా విద్యా కార్యక్రమం చేపట్టారు. ఒడిశా రాష్ట్రం 2006లో ఇదే బాట పట్టింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్ 2017 నుంచి చాక్మా, మార్మా మొదలైన అయిదు భాషలలో పసివారికి పుస్తకాలు అందిస్తున్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యను నేపాల్ 2015 నాటి రాజ్యాంగంలో హక్కుగా గుర్తించింది.

ఇంటి భాషతో మొదలుపెడితే రాష్ట్ర భాష వెనుకబడుతుందన్న భయం కొందరిలో ఉన్నది. చదవడమంటే ఏమిటో బిడ్డ తనకు తెలిసిన భాషలో ఒకసారి గ్రహిస్తే చాలు, రెండవ భాషలో మళ్లీ మొదటినుంచి ఆరంభించనక్కర లేదు. అర్థం కాని భాషలో అక్షరాలు వల్లె వేసిన బిడ్డ రెండు భాషలకూ దూరమయ్యే ప్రమాదం ఉన్నది.

అక్షరం పట్టుబడే తీరు

మన లిపులలో అనేకం బ్రాహ్మీ నుంచి పుట్టినవే. అందువలన తెలుగు బిడ్డ, ఒడియా బిడ్డ, బెంగాలీ బిడ్డ, హిందీ బిడ్డ ఇంచుమించు ఒకే క్రమంలో 'అ, ఆ, ఇ, ఈ' అని మొదలుపెడతారు. 'క, ఖ, గ, ఘ' అని సాగిస్తారు. ఈ క్రమం ధ్వనులు పుట్టే స్థానాలను బట్టి ఏర్పడిన అందమైన శాస్త్రం. కాని శాస్త్రానికి అనువైన క్రమం పసివారు నేర్చుకోవడానికి అనువైన క్రమం కావాలని లేదు. తెలుగు వర్ణమాలలో 56 అక్షరాలని సంప్రదాయంగా చెబుతారు. గుణింతాలు, ఒత్తులు చేరినప్పుడు బిడ్డ గుర్తించవలసిన రూపాలు వందలకు చేరుతాయి. నిత్యజీవితంలో దాదాపు వినబడని అక్షరాలను కూడా మొదటి నెలలలోనే దిద్దించడం వలన బిడ్డకు చేతి నొప్పి మిగులుతుందే తప్ప చదువు రాదు. 'అమ్మ', 'ఆవు', 'పలక' వంటి తెలిసిన మాటలతో మొదలుపెట్టి, ఆ మాటలలోని అక్షరాలను విడదీసి, మళ్లీ కూర్చి కొత్త మాటలు చేయించే పద్ధతి ఇందుకే ఆదరణ పొందింది.

ఈ విషయంలో మన దేశపు అనుభవం చిన్నదేమీ కాదు. న్యాయవాద వృత్తి విడిచిన గిజుభాయ్ బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం స్థాపించి, కథలు, ఆటలు, స్వేచ్ఛ ఆధారంగా బోధన సాగించారు. తెలుగు పాఠకులకు 'పగటికల'గా పరిచితమైన ఆయన 'దివాస్వప్న' నేటికీ ఉపాధ్యాయ శిక్షణార్థులకు అభిమాన గ్రంథమే. మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో ఆరంభించిన కృషిని తరువాత కోసబాడ్‌కు విస్తరించారు. బడికి రాలేని ఆదివాసీ బాలల దగ్గరకు బడినే తీసుకుపోయి, వారి వాకిళ్లలోను, పశువులు మేపే బీళ్లలోను పాఠాలు చెప్పించారు.

మధ్యలో తెగిపోయే సంవత్సరం

కొందరు బాలలకు మొదటి సంవత్సరం పూర్తిగా గడవనే గడవదు. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల నుంచి ఏటా పంటల కాలం ముగిసిన తరువాత అనేక కుటుంబాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలోని ఇటుక బట్టీలకు వలస వస్తాయి. మరాఠ్వాడా నుంచి చెరకు నరికే కుటుంబాలు పశ్చిమ మహారాష్ట్రకు తరలుతాయి. జూన్ నెలలో పలక పట్టిన బిడ్డ శీతకాలం వచ్చేసరికి వేరొక రాష్ట్రంలో, వేరొక భాష నడుమ, బట్టీ పక్కన వేసిన గుడిసెలో ఉంటాడు. వేసవి చివర తిరిగివచ్చేసరికి తోటివారు రెండవ తరగతికి సిద్ధమై ఉంటారు.

దీనికి పరిష్కారాలు కొన్ని వెలిశాయి. బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా తెలిసిన బోధకులతో బడులు నడిపించారు. ఒడిశాలో తల్లిదండ్రులు వలస పోయిన కాలంలో పిల్లలు స్వగ్రామంలోనే ఉండి చదువుకునేందుకు వసతి గృహాలు ఏర్పరిచారు. మహారాష్ట్రలో చక్కెర మిల్లుల చెంత 'సాఖర్ శాలలు' నడిచాయి. ఒక రాష్ట్రపు పుస్తకాలు, బోధకులు మరొక రాష్ట్రపు పొలిమేరలోని పసివారిని వెదుక్కుంటూ రావడంలో జాతీయ సమైక్యత అనే మాటకు ఆచరణలో అర్థం కనిపిస్తుంది. బదిలీ పత్రం ఆలస్యమైనదన్న సాకుతో ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతున్నది.

సంసిద్ధత ఎవరిది?

బిడ్డ బడికి సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్న పూర్వం నుంచి వినవచ్చేదే. అక్షరాలు వచ్చునా, చెప్పినట్లు కూర్చుంటాడా అని పరీక్షించి చేర్చుకునే బడులు ఎన్నో ఉండేవి. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ ప్రశ్నను తలకిందులు చేసింది. ప్రవేశానికి బిడ్డను గాని, తల్లిదండ్రులను గాని వడపోయరాదు. వయస్సు ధ్రువపత్రం లేదని వెనుకకు పంపరాదు. శారీరకంగా దండించరాదు, మానసికంగా వేధించరాదు. ఇవన్నీ బడిపై మోపిన బాధ్యతలు. బిడ్డను స్వీకరించడానికి బడి సిద్ధంగా ఉన్నదా అన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

2020 నాటి జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు గల కాలాన్ని ఒకే పునాది దశగా భావించింది. ఒకటవ తరగతిలో చేరిన బాలల కోసం 2021లో 'విద్యా ప్రవేశ్' అనే మూడు నెలల ఆటపాటల కార్యక్రమం రూపొందింది. 2020లో ప్రకటించిన పుస్తకాల సంచీ విధానం ప్రకారం రెండవ తరగతి వరకు ఇంటిపని ఇవ్వరాదు. బరువైన సంచీ మోసే పసివారి పక్షాన రచయిత ఆర్. కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో గళమెత్తారు. భారం లేని విద్యను కోరుతూ ఆచార్య యశ్‌పాల్ సంఘం 1993లో నివేదిక సమర్పించింది. ఆ ఆలోచన ఇప్పటికి నియమ రూపం పొందింది.

నియమాలు ఉన్నా, వాటిని ఆచరించవలసిన ఉపాధ్యాయుని స్థితిని మరువరాదు. 60 మంది లోపు బాలలున్న ప్రాథమిక పాఠశాలకు చట్టం ఇద్దరు ఉపాధ్యాయులను నిర్దేశించింది. అనగా అయిదు తరగతులను ఇద్దరే పంచుకోవలసి ఉంటుంది. ఒక మూల మూడవ తరగతికి లెక్కలు చెబుతూ, మరొక మూల ఏడుస్తున్న కొత్త బిడ్డను ఊరడించడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కర లేదు. పెద్ద తరగతులకు పరీక్షలున్నాయి కనుక అనుభవజ్ఞులను అటు పంపి, పసివారిని ఎవరికో అప్పగించే అలవాటు మానవలసి ఉన్నది. బిడ్డ పేరు తెలుసుకుని, ఇంటి భాషలో నాలుగు మాటలు నేర్చుకుని, తప్పు చేసినా నవ్వకుండా దిద్దగల ఉపాధ్యాయుడు అందరికంటె ముందు ఒకటవ తరగతికే కావాలి. గ్రామంలోని చదువుకున్న యువతీయువకులు వారానికి ఒక పూట బడికి పోయి ఆ పసివారికి ఒక కథ వినిపించినా, ఒంటరిగా పాటుపడుతున్న ఆ ఉపాధ్యాయునికి అది ఎంతో ఆసరా అవుతుంది.