పొగ చెప్పే సమయం

అమెరికాలో కొన్ని కుటుంబాలలో వాఫిల్ తయారీ అమ్మమ్మల నాటినుంచి వస్తున్న పద్ధతి. మైదా, పాలు, వెన్న, ఈస్ట్ కలిపి రాత్రంతా పులియబెడతారు. పొద్దున గుడ్లు చేర్చి, బాగా కాలిన రెండు ఇనుప పలకల మధ్య పోస్తారు. పలకల సందులోంచి పొగలా వచ్చే ఆవిరి తగ్గగానే వాఫిల్ తీస్తారు. గడియారంతో పనిలేదు!

ఇందులోని శాస్త్రం ఏమిటి? ఈస్ట్ ఒక ఏకకణ శిలీంధ్రం. అది పిండిలోని చక్కెరలను వాడుకొని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. గ్లూటెన్ అనే సాగే ప్రోటీను ఆ బుడగలను పట్టి ఉంచుతుంది. కనుకనే వాఫిల్ గుల్లబారుతుంది. పులియనివ్వక తొందరపడితే అట్టముక్కే!

నీరు ఉన్నంతవరకు పిండి వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. పైపొర ఆరాక వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ప్రోటీన్లు, చక్కెరలు వేగంగా చర్య జరిపి గోధుమరంగును, కమ్మని వాసనను ఇస్తాయి. ఇదే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించిన చర్య. అంటే, ఆవిరి తగ్గడం పైపొర ఆరిందనడానికి గుర్తన్నమాట. పలకలపై గళ్ళు ఉపరితలాన్ని పెంచుతాయి; కరకరలాడే భాగం ఎక్కువవుతుంది.

మీరూ పరీక్షించండి. ఒక గ్లాసులో గోరువెచ్చని నీరు, మరొక గ్లాసులో ఐసునీరు తీసుకోండి. రెండింటిలోనూ చెంచాడు చక్కెర, చిటికెడు ఈస్ట్ కలపండి. అరగంట తరువాత ఏది నురగెత్తింది? ఎందుకు?